అక్షర దాసోహం



పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని పెద్దవారికి రాత్రిపూట చదువు చెప్పడం కాయకమా, దాసోహమా అన్న ప్రశ్న ఒకనాడు మన గోష్ఠిలో వచ్చింది. జీతం లేదు గనుక దాసోహమేనని నేను వెంటనే జవాబిచ్చాను. అంత తొందరపడి ఉండవలసింది కాదు.

మా రాత్రిబడికి ఒక తల్లి వచ్చేది. రసాయనాల కర్మాగారంలో ఊడ్చే పని. వారం దినాలు ఓపికగా అఆలు దిద్ది, "సారూ, నాకు ముందుగాల ఇంగ్లీషు అక్షరాలు చెప్పుండ్రి" అన్నది. నేను తెలుగు పండిత శిక్షణ పొందినవాణ్ణి. మాతృభాష రానిదే పరభాష ఎందుకమ్మా అని మందలించాను. ఆమె చిన్నబోయి, "తెలుగు కాయితం ఎవరన్న సదివి చెప్తరు సారూ. డ్రమ్ము మీద ఏం రాసిందో మా తాన ఎవ్వరికి తెల్వది" అన్నది. మరునాటినుండి రాలేదు.

భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పనిలోని ప్రమాదాలను కార్మికులకు తెలియజేయాలని యాజమాన్యాలను నిర్బంధించారు. కాని తెలియజేయడమన్నది తరచు కాగితం మీదనే, రాని లిపిలోనే ముగిసిపోతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారం పేలి నలభైమందికి పైగా మరణించారు. అది చదువు లేక జరిగిందనడం మహాపాపం; యంత్రాల భద్రత యజమాని బాధ్యత గాని, ఊడ్చేవారి చదువు బాధ్యత కాదు. అయినా ఆ రాత్రి ఆ తల్లి చెప్పిన డ్రమ్మే నా కళ్ళ ముందు నిలిచింది.

సంస్కృతం బాగా ఎరిగిన పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని తెలుగు ద్విపదలో రచించాడు. దీన్ని భాషాభిమానంగా ఎన్నో ఏండ్లు పిల్లలకు బోధించాను. ఇప్పుడు నాకు వేరుగా తోస్తున్నది. 12వ శతాబ్దిలో కల్యాణంలో మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య వంటివారు కన్నడంలో వచనాలు పలికారంటే, కన్నడాన్ని పూజించడానికి కాదు. సామాన్యునికి మూసి ఉన్న తలుపు ఏదో చూచి దానిని తెరిచారు. వారి కాలంలో ఆ తలుపు సంస్కృతం. ఈ వాడలో ఇంగ్లీషు. దొరల వలె మాట్లాడే ఇంగ్లీషు ఎవరికీ అక్కరలేదు. 26 అక్షరాలు, నిప్పు, విషం అనే హెచ్చరికలు, జీతపు చీటీలో కోతల లెక్క, ఇంతే.

ఆయ్దక్కి లక్కమ్మ కథ మనకందరికీ తెలుసు. భర్త మారయ్య అవసరానికి మించి ఏరితెచ్చిన బియ్యాన్ని ఆమె తిరిగి పంపివేసింది. దొరికినంత కాదు, కావలసినంతే ఆమె కొలత. నేను మాత్రం నా దగ్గర సమృద్ధిగా ఉన్నదానిని ఆమె విస్తరిలో వడ్డించాను. దాసోహమంటే దాసుడనని ఒప్పుకోవడం. ఏమి వడ్డించాలో అడగని దాసుడెవడు?

ఇప్పుడు మొదటి రోజున పలకలు పంచడం మానాను. ఏమి చదవాలని వచ్చారని ఒక్కొక్కరినే అడుగుతున్నాను. బస్సు బోర్డు అంటారు కొందరు, మనుమరాలి పుస్తకం అంటారు మరికొందరు. ఆ తల్లి పేరు హాజరు పట్టీలో అలాగే ఉంచాను. ఆమె ఇంటికి రెండుమార్లు వెళ్ళాను. రెండుమార్లూ షిఫ్టులోనే ఉన్నది.