సంతానం కోసం ఎంతకాలం ఎదురుచూడాలి?

సంతానం అల్లాహ్ ప్రసాదించే అనుగ్రహం. ఆయన తాను కోరిన వారికి ఆడపిల్లల్ని, కోరిన వారికి మగపిల్లల్ని, కొందరికి ఇద్దరినీ ప్రసాదిస్తాడనీ, తాను కోరిన వారిని సంతానం లేకుండా ఉంచుతాడనీ దివ్య ఖుర్ఆన్‌లోని అష్షూరా సూరా (42:49-50) తెలియజేస్తోంది. ఈ ఆయతులు మనలో చాలామందికి తెలిసినవే. అయితే వీటినే చూపించి, "ఇచ్చేవాడు అల్లాహ్ అయినప్పుడు డాక్టరు దగ్గరికి ఎందుకు మౌలానా సాబ్?" అని అడిగే సోదరులున్నారు. ఆ సోదరులే జ్వరం వస్తే సాయంత్రానికల్లా మాత్ర తెచ్చుకుంటారు. ఆరోగ్యాన్ని ఇచ్చేవాడు కూడా అల్లాహ్‌యే కదా!

పల్లెవాసులైన కొందరు అరబ్బులు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, మేము వైద్యం చేయించుకోవచ్చా అని అడిగారు. చేయించుకోమని ఆయన (స) ఆదేశించారు. ఒక్క వృద్ధాప్యానికి తప్ప అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు ఉంచాడని తెలిపారు. హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. వైద్యం చేయించుకున్న ప్రతి దంపతులకూ బిడ్డ పుడతాడని దీని అర్థం కాదు. మందు వెతకడం మన పని, ఫలితం ఆయన చేతిలో ఉంది. కానీ వృద్ధాప్యానికి మినహాయింపు ఉందన్న సంగతి ఇక్కడ గమనించాలి. వయసును వెనక్కి తెచ్చే మందు లేదు. స్త్రీ గర్భం దాల్చే శక్తి వయసుతో తగ్గుతూ వస్తుంది, 35 ఏళ్ళు దాటాక మరింత వేగంగా తగ్గుతుంది. తాయెత్తులకూ, ఊరూరా తిరిగే బాబాలకూ నాలుగేళ్ళు ధారపోసి వచ్చే చెల్లెలికి ఆ నాలుగేళ్ళను ఎవరు తిరిగి ఇస్తారు?

మరి ఎప్పుడు వెళ్ళాలి? వైద్యులు చెప్పే లెక్క సులువైనదే. భార్య వయసు 35 లోపు అయితే, గర్భనిరోధక సాధనాలేవీ లేకుండా, వారానికి రెండు మూడు సార్లు దాంపత్యం జరుపుతూ ఒక సంవత్సరం గడిచినా గర్భం రాకపోతే వెళ్ళాలి. 35 దాటితే ఆరు నెలలు చాలు. 40 దాటితే ఆగనే కూడదు. నూటికి ఎనభై మందికి పైగా దంపతులకు తొలి ఏడాదిలోనే గర్భం నిలుస్తుంది. కాబట్టి నిఖా అయిన మూడో నెలలోనే "ఇంకా ఏమీ లేదా?" అని కోడలిని నిలదీయడం అజ్ఞానం.

అసలు తికమక ఎక్కడంటే, ఆ సంవత్సరాన్ని లెక్కపెట్టడంలో! మన ఇళ్ళలో ఎంతోమంది అబ్బాయిలు సౌదీలో, కువైట్‌లో, దుబాయ్‌లో పనిచేస్తున్నారు. పెళ్ళయిన నెలన్నరకే విమానమెక్కుతారు, రెండేళ్ళకు మళ్ళీ రెండు నెలల సెలవు. పెళ్ళయి మూడేళ్ళయిందని ఊరంతా అంటుంది. కలిసి ఉన్నది నాలుగు నెలలైనా లేదు. ఆ కొద్ది కాలంలో గర్భానికి అనువైన రోజులు ఇంకెన్ని? అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు, అంతే. 28 రోజులకు సక్రమంగా నెలసరి వచ్చే స్త్రీకి అండం ఇంచుమించు పద్నాలుగో రోజున విడుదలవుతుంది. ఇలాంటి జంటలో లోపం ఉందని ఎవరూ అనలేరు. సెలవు పెట్టేటప్పుడు ఈ లెక్క చూసుకోవాలి. సెలవుకు వచ్చినప్పుడు భర్త పరీక్ష కూడా చేయించుకుని వెళితే మరీ మంచిది.

కొందరు ఏడాది కూడా ఆగకూడదు. నెలసరి రెండు మూడు నెలలకొకసారి వచ్చేవారు, అసలు రానివారు, నెలసరిలో భరించలేని నొప్పి వచ్చేవారు, గతంలో క్షయ వ్యాధి గానీ, కడుపులో ఇన్ఫెక్షన్ గానీ, ఆపరేషన్ గానీ అయినవారు వెంటనే వెళ్ళాలి. మగవారిలోనైతే ఈడు వచ్చాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచినవారు, చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగనివారు, దాంపత్యంలోనే ఇబ్బంది ఉన్నవారు కూడా ఆలస్యం చేయకూడదు.

ముందు ఎవరు వెళ్ళాలి? ఇద్దరూ కలిసి వెళ్ళాలి. సంతానలేమికి కారణం దాదాపు సగం జంటల్లో పూర్తిగానో కొంతగానో పురుషుడిలో ఉంటుంది. పైగా అతని పరీక్షే సులువు, ఖర్చూ తక్కువ. అయినా కోడలికి స్కానింగులు, రక్తపరీక్షలు, గొట్టాల పరీక్షలు అన్నీ అయిపోయాక కూడా కొడుకు వీర్యపరీక్షకు ఒప్పుకోని ఇళ్ళున్నాయి. ఇది గైరత్ కాదు, అన్యాయం. భర్త దాంపత్యానికి అశక్తుడని భార్య ఫిర్యాదు చేస్తే, వైద్యం కోసం ఖాజీ అతనికి ఒక సంవత్సరం గడువివ్వాలని మన ఫిఖ్హ్ గ్రంథాల్లో ఉంది. అది వేరే సమస్యే. కానీ లోపం పురుషుడిలోనూ ఉండవచ్చని, దానికి వైద్యం ఉందని, ఆ వైద్యానికి గడువు కూడా ఉండాలని మన ఫుఖహాలు వందల ఏళ్ళ క్రితమే రాసిపెట్టారు!

నమూనా ఇవ్వడం ధర్మసమ్మతమేనా అని కొందరు సిగ్గుపడుతూ అడుగుతారు. చికిత్స అవసరం కోసం ఉలమా అనుమతించారు. భార్య సహాయంతో సేకరించడం మేలు. దానికి ముందు రెండు నుంచి ఏడు రోజులు దాంపత్యానికి దూరంగా ఉండాలి. ఇంట్లో సేకరిస్తే గంట లోపు ల్యాబుకు చేర్చాలి. మొదటి రిపోర్టు బాగా లేకపోతే కుంగిపోవద్దు, డాక్టరు మళ్ళీ చేయిస్తారు. సిగరెట్, గుట్కా ఆ రోజు నుంచే మానాలి. వీర్యకణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, కనుక మార్పు కనిపించడానికి ఓపిక కావాలి. భార్యకు లేడీ డాక్టరు దొరికితే ఆమె దగ్గరికే వెళ్ళాలి. దొరకని చోట అవసరం మేరకు పురుష వైద్యుడికి చూపించడానికి అనుమతి ఉంది, భర్త పక్కన ఉండాలి.

టెస్ట్‌ట్యూబ్ పద్ధతి దాకా వెళ్ళవలసి వస్తే ఒక హద్దు ఉంది. నిఖా బంధంలో ఉన్న భర్త వీర్యం, భార్య అండం, అదే భార్య గర్భం అయితే అనుమతి ఉందని 1986లో అమ్మాన్ సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. పరాయివారి వీర్యం, పరాయి అండం, అద్దె గర్భం నిషిద్ధమని అదే తీర్మానంలో ఉంది. అందుచేత ఆసుపత్రిలో సంతకం పెట్టే ముందు కాగితం పూర్తిగా చదివించుకోండి. దాతల కణాలు వాడబోమని రాతపూర్వకంగా తీసుకోండి. 2021లో మన దేశంలో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి క్లినిక్కులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది ఉందో లేదో అడగడానికి మొహమాటపడవద్దు.

ఇక అత్తగార్లకు, ఆడపడుచులకు ఒక మాట. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)కు సంతానం లేదు. దైవప్రవక్త (స) ప్రేమలో ఆమెకు దానివల్ల ఏ లోటూ రాలేదు. అక్క కొడుకు అబ్దుల్లాహ్ పేరు మీద ఆమెను ఉమ్మె అబ్దుల్లాహ్ అని పిలిచేవారు. సహాబాలలో పెద్దలు సైతం ధర్మ విషయాలు అడగడానికి ఆమె తలుపు తట్టేవారు. మన ఇంటి కోడలిని గొడ్రాలు అనే నోరు ఈ తల్లిని ఒకసారి తలచుకోవాలి.

హజ్రత్ జకరియ్యా (అలై) ముసలితనంలో తన ప్రభువును రహస్యంగా వేడుకున్నారు. అల్లాహ్ ఆ దుఆను స్వీకరించి, ఆయన భార్యను అందుకు యోగ్యురాలిగా చేశాడని అల్ అంబియా సూరాలో ఉంది. గొడ్రాలితనం తొలగించి ఆమెను బాగుచేశాడని వ్యాఖ్యాతలు దీన్ని వివరించారు. అంటే అల్లాహ్ బిడ్డను ప్రసాదించింది ఆ శరీరాన్ని బాగుచేసే! ఆ దుఆ అదే సూరా 89వ ఆయతులో ఉంది. అర్థం తెలుసుకుని భార్యాభర్తలిద్దరూ చదువుకోండి. తహజ్జుద్‌లో చదవండి, రిపోర్టు కోసం ల్యాబు బయట బెంచీ మీద కూర్చున్నప్పుడూ చదవండి.