ఉంటున్న ఊరికి మనం ఏమవుతాం?

పాత నగరం ఎవరిది? కట్టించిన రాజుదా, రాళ్ళు మోసిన కూలివాడిదా, ఇప్పుడు అందులో కాపురం ఉంటున్నవాడిదా, భుజాన సంచి వేసుకుని వచ్చి ఒక్కరోజులో చూసిపోయే బాటసారిదా? వినడానికి ఇది చరిత్రకారుల తగాదాలా ఉంటుంది. కాని పుట్టినచోటు వదిలి పరాయి భాషల నడుమ రెండు మూడు తరాలుగా బతుకుతున్న మనలాంటి వాళ్ళకి ఇది ధర్మసందేహమే.

పెరూ దేశంలో, ఆండీస్ కొండల్లో, 2,430 మీటర్ల ఎత్తున మాచుపిచ్చు అనే రాతి నగరం ఉంది. 15వ శతాబ్దంలో ఇన్కా రాజులు కట్టించారు. నూరేళ్ళు గడిచేసరికి అది ఖాళీ అయింది. 1911 జూలై 24న హైరం బింగామ్ అనే అమెరికన్ ఆచార్యుడు ఆ కొండ ఎక్కాడు. నగరాన్ని ఆయనే ‘కనుగొన్నాడ’ని లోకం చాలాకాలం చదువుకుంది. ఆయన వెళ్ళేసరికే ఆ మెట్ల చేలల్లో రైతు కుటుంబాలు పంట పండించుకుంటున్నాయి. శిథిలాల మధ్యకి ఆయనకి దారి చూపింది ఓ రైతుబిడ్డ. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1902లో, అగుస్టిన్ లిసారగా అనే స్థానికుడు అక్కడి గోడ మీద తన పేరు రాసి వెళ్ళాడు. బింగామ్ తవ్వించి తీసుకుపోయిన వస్తువులు యేల్ విశ్వవిద్యాలయం నుంచి తిరిగి పెరూకి చేరడానికి సుమారు వందేళ్ళు పట్టింది.

ఈ కథలో బింగామ్‌ని తిట్టి ఊరుకోవడం తేలిక. కాని ఆయన కొలిచాడు, ఫోటోలు తీశాడు, ఎవరు కట్టారని అడిగాడు. ఆ రైతుకి అది చేను. రోజూ చూసేదాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. చూడవచ్చినవాడికి ఆశ్చర్యం ఉంటుంది, బాధ్యత ఉండదు. ఉంటున్నవాడికి బాధ్యత ఉండాలి, ఆశ్చర్యం అరిగిపోతుంది. మరి మనం ఈ ఇద్దరిలో ఎవరం?

మన చంద్రపూర్ కొండ మీద లేదు, ఖాళీ కూడా కాలేదు. ఇరై, ఝర్పట్ నదులు కలిసేచోట గోండు రాజులు కట్టిన కోటగోడ లోపల ఊరు ఇవాళ్టికీ సంసారం చేస్తూనే ఉంది. బాటసారి పొద్దున్నే జట్‌పురా దర్వాజా దగ్గర నడక మొదలుపెడితే, బింబా, పఠాన్‌పురా, అంచలేశ్వర్ దర్వాజాలు చూసుకుంటూ సాయంత్రానికి చుట్టిరావచ్చు. వాటికి తోడు ఐదు ఖిడ్కీలు. వాటిలో ఒకటి మసాన్ ఖిడ్కీ. మసాన్ అంటే మన శ్మశానమే. ఏనుగును అణచిన సింహం గోండు రాజుల చిహ్నం, దర్వాజా మీద ఆగి చూడవలసిన శిల్పం. అంచలేశ్వర్ గుడి దగ్గర రాజుల సమాధులున్నాయి. వాటిలో పెద్దది బీర్‌షాది, ఆయన భార్య రాణీ హిరాయి కట్టించింది. ఈ రాజ్యం 1751లో భోంస్లేల పాలయింది. 1818లో ఇంగ్లీషువాళ్ళు కోటను పట్టుకున్నారు. 1858 అక్టోబరు 21న గోండు వీరుడు బాబూరావ్ శెడ్మాకేని ఇక్కడే ఉరితీశారు. బాటసారి ఇదంతా డైరీలో రాసుకుని రాత్రి బల్హార్షాలో రైలెక్కిపోతాడు. అతన్ని తప్పుపట్టలేం. ఒక్కరోజు మనిషి ఒక్కరోజుకి సరిపడా చూశాడు.

మన సంగతి వేరు. కాజీపేట–బల్హార్షా లైను 1929లో పూర్తయింది. ఆ దారిన గనులకీ, కాగితం మిల్లుకీ, తర్వాత విద్యుత్కేంద్రానికీ మనవాళ్ళు వస్తూనే ఉన్నారు. అయినా ‘ఊరికి పోతున్నాం’ అంటే కరీంనగరో ఆదిలాబాదో అని అర్థం. పెళ్ళిపత్రికల్లో స్వగ్రామం అక్కడిది, చంద్రపూర్ ‘ప్రస్తుత నివాసం’. నలభై ఏళ్ళ ప్రస్తుతం! జట్‌పురా దర్వాజా మనలో చాలామందికి బండి ఆగిపోయే ఇరుకు మలుపు, అంతే. ఒక్కరోజు బాటసారికున్న కుతూహలమైనా లేకుండా జీవితమంతా బాటసారులుగా ఉండిపోవడం సాధ్యమేనని మనం నిరూపిస్తున్నాం.

‘మన భాష నిలబెట్టుకోవడానికి వెనక్కి చూడక తప్పదు కదా’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమే. కాని భాష గురించి బాధపడేవాడు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ కోట కట్టినవాళ్ళ గోండీని, మన తెలుగునూ భాషాశాస్త్రజ్ఞులు ద్రావిడ వృక్షంలో ఒకే కొమ్మకి చేర్చారు. తెలుగుకి రెండు రాష్ట్రాలున్నాయి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటుంది. గోండీకి ఆ చోటు లేదు. తెలుగు బడికి పిల్లలు దొరకడం లేదని వాపోయే మనలో గోండీ మాట ఒక్కటైనా తెలిసినవాళ్ళు ఎందరు? మన భాషని గౌరవించమని అడిగే హక్కు, పక్కింటి భాషని గౌరవించినంత మేరకే నిలుస్తుంది.

ఇక రెండో ప్రమాదం ఉంది. ఊరి బయట లాల్‌పేట వైపు పెద్దపెద్ద ఏకశిలా విగ్రహాలు ఆరుబయట ఉన్నాయి. పది తలల దుర్గ, లింగం, నంది, గణపతి, చేప, తాబేలు. రాయప్ప అనే వైశ్య వర్తకుడు గోండు రాజుల కాలంలో గుడి కట్టబోయి, పూర్తికాకముందే కన్నుమూశాడని చెబుతారు. పేరు చూస్తే మనవైపు మనిషే అనిపిస్తుంది. వెంటనే ‘చూశారా, ఈ ఊరు మనది కూడా’ అని ఛాతీ విప్పాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఆ రాళ్ళని చెక్కిన చేతులు ఎవరివో, లాగిన భుజాలు ఎవరివో పేర్లు మిగల్లేదు. ఒక్క పేరు పట్టుకుని ఊరు మాదనడం, గోడ మీద పేరు రాసుకోవడం లాంటిదే. ఊరు నాది కాదనే ఉదాసీనత, ఊరు నాదేననే గొప్ప, రెండూ ఒకే బాధ్యతని తప్పించుకునే దారులు.

మన పెద్దలు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు చెప్పారు. ఉన్నచోటి ఋణాన్ని విడిగా లెక్కపెట్టలేదు. పుట్టినచోటు, ఉన్నచోటు వాళ్ళలో చాలామందికి ఒకటే కావడం వల్ల కాబోలు. మనకి రెండూ వేరయ్యాయి గనక నాలుగోదాన్ని మనమే చేర్చుకోవాలి. మనం తిన్న అన్నం ఈ నేల కింది బొగ్గు పెట్టింది. 2017లో ఎకో–ప్రో సంస్థ యువకులు నెలల తరబడి ఇదే కోటగోడ మీది పిచ్చిమొక్కలు నరికి, చెత్త ఎత్తి శుభ్రం చేశారు. చీపురు పట్టుకునేవాడిని నీ స్వగ్రామం ఏదని గోడ అడగదు.

హక్కు గురించి అడిగితే, ముందు గోండులది. ఆ తర్వాతి వరస తేల్చడం మన పని కాదు. ఋణం మాత్రం ఇక్కడ నీళ్ళు తాగిన ప్రతివాడిదీ. ఆదివారం పూట పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ నాలుగు దర్వాజాలు నడిచి, హిరాయి ఎవరో, శెడ్మాకే ఎవరో మన తెలుగులోనే చెప్పవచ్చు. దానివల్ల తెలుగు తరిగిపోదు. చెప్పుకోవడానికి ఈ ఊరి కథ కూడా ఒకటి దానికి దొరుకుతుంది.