ఆధారం లేని పని

నాకు పెత్తనమంటే పడదు, ఇంట్లోదైనా, సర్కారుదైనా. అందుకే కాబోలు తెలుగు వికీపీడియా నచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో రాయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. వికీపీడియా స్థాపకుడు జిమ్మీ వేల్స్‌ని ప్రభావితం చేసింది హాయక్ 1945లో రాసిన వ్యాసం. జ్ఞానం ఏ ఒక్క పీఠం దగ్గరా పోగుపడి ఉండదు, మనుషుల మధ్య చెల్లాచెదురుగా ఉంటుందని దాని సారం. హిందూపురంలో రాత్రి గిన్నెలు సర్దేశాక కూర్చుని రాస్తుంటాను. 2022 ఏప్రిల్‌లో మా ఊళ్ళు అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాకి మారినప్పుడు ఎన్ని వాక్యాలు దిద్దానో!

పెనుకొండ గురించి రాయడం సులువు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఇక్కడికి మారిందని చెప్పే పుస్తకాలు బోలెడు. చిక్కంతా ధర్మవరంతోనే. పట్టుచీర గురించి రాద్దామని ఒక మగ్గం ఇంటికి వెళ్ళాను. కండెలు చుట్టేది, అచ్చు అతికేది ఆ ఇంటామె. "నేసేది ఆయప్పే కదమ్మా, నాదేముంది" అంది చెయ్యి ఆపకుండా. ఆ చెయ్యి ఆగితే మగ్గం ఆగుతుంది. ఇంటికొచ్చి రాయబోతే నియమం గుర్తొచ్చింది: ప్రచురితమైన ఆధారం చూపాలి, కళ్ళతో చూసింది చెల్లదు. నాకు దొరికిన పుస్తకాల్లో నేతగాడే ఉన్నాడు.

నియమం చెడ్డదనను. అది లేకపోతే పెనుకొండ కోట ప్రతి కులానికీ సొంతమైపోయేది. అలాంటి గొప్పలు నేనే చాలా తీసేశాను. నచ్చకపోతే అంతా నకలు చేసుకుని వేరు కుంపటి పెట్టుకోవచ్చు, లైసెన్సు అడ్డుచెప్పదు. స్వేచ్ఛావాదులకి ఇది ముచ్చటైన జవాబు. కానీ 'ఇష్టం లేకపోతే వెళ్ళిపో' అన్న మాట ఆడవాళ్ళం ఇంతకు ముందు ఎక్కడ విన్నాం?

తెలుగులో విజ్ఞాన సర్వస్వమంటే కొమర్రాజు లక్ష్మణరావు పేరు చెబుతాం. ఆయన అక్క భండారు అచ్చమాంబ అంతకు ముందే, 1901లో, 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో స్త్రీల జీవితాలు కూర్చి పెట్టింది. ఆ పుస్తకాన్ని మాత్రం ఆ వరుసలో లెక్కపెట్టం.

ఒక రాత్రి ధర్మవరం వాక్యాన్ని ఆధారం లేకుండానే చేర్చేశాను. తెల్లారి నేనే తీసేశాను. ఇంకొకరు అదే పని చేస్తే వదలను కదా!

ఇప్పుడు ఆ వాక్యం ఇక్కడ రాశాను. సంపాదకురాలు ఒప్పుకుని అచ్చు వేస్తే అది ఆధారమవుతుంది. అనుమతి అక్కర్లేని చోటికి దారి మళ్ళీ ఒక అనుమతి గుండానే. నా రాతని నేనే చూపించుకోవడం పద్ధతి కాదు గనక, ఆ పని ఇంకెవరైనా చెయ్యాలి.