తలసరి లీటర్ల లెక్కలో మనిషి

ఢిల్లీ నైరుతి కొసన ఉన్న ద్వారక ఉపనగరంలో నేతాజీ సుభాష్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. 1983లో ఢిల్లీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా ఆరంభమైన ఈ సంస్థ 2018లో విశ్వవిద్యాలయమైంది. దాని చుట్టూ ఉన్న ఊరే విద్యార్థులకు ఒక పాఠ్యగ్రంథం. 1990లలో ఇక్కడ సహకార గృహ సంఘాల అంతస్తులు లేచాయి గాని, గొట్టపు నీరు వాటితోపాటు రాలేదు. బోరుబావులు, ట్యాంకర్లు ఆ లోటును పూరించాయి. హర్యానాలోని మూనక్ నుంచి వచ్చే కాలువ నీటికై కట్టిన శుద్ధికేంద్రం 2015లో గాని పని ప్రారంభించలేదు. నీరందించడం ఇంజనీరింగ్ సమస్యే. కాని ముందు ఎవరికి, ఎంత, ఎవరి వాటా నుంచి అన్న ప్రశ్నలకు ఏ సూత్రమూ సమాధానం చెప్పదు.

ఈ ప్రశ్నలకు సాంకేతిక విద్యలో స్థానమెక్కడ? వాటికొక ప్రత్యేక పేపరు కేటాయించి ఊరుకోవడం మన అలవాటు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో రాజ్యాంగం, పర్యావరణం తప్పనిసరి విషయాలయ్యాయి, క్రెడిట్లు మాత్రం లేవు. క్రెడిట్ లేని దానికి ఎంత శ్రద్ధ చాలునో విద్యార్థికి ఒకరు చెప్పనక్కరలేదు! అయినా అసలు లోపం క్రెడిట్లలో కంటె ఆ విభజనలోనే ఉన్నదని నా అభిప్రాయం.

నీటి సరఫరా పథకం రూపొందించే విద్యార్థి జనాభాను తలసరి లీటర్లతో గుణిస్తాడు. భూగర్భ మురుగు కాలువలున్న పట్టణానికి ప్రమాణం రోజుకు 135 లీటర్లు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ గ్రామీణునికి నిర్దేశించినది 55. ఈ తేడాకు సాంకేతిక కారణం లేకపోలేదు. మురుగును నెట్టడానికీ నీరే కావాలి. అయితే ఆ మురుగు కాలువ ముందుగా పట్టణానికే ఎందుకు వచ్చింది? అధ్యాపకుడు ఆ రెండంకెలను నల్లబల్లపై పక్కపక్కన వ్రాసి, తరగతిని ఒక గంటసేపు ఆలోచించనిస్తే, ఏ నీతిబోధా చేయలేని పని అక్కడ జరుగుతుంది.

తెలుగునేలపై ఇందుకు నాగార్జునసాగరానికి మించిన నిదర్శనం లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతికట్టడం. సిమెంటుకు, విదేశీ మారకానికి కరవైన ఆ రోజులలో భారీ యంత్రాలకు బదులు మనిషి చేతిని ఎంచుకోవడం వల్ల వేలాది కూలీలకు ఏళ్ల తరబడి పని దొరికింది. రాయా, కాంక్రీటా అన్న ఎంపికలోనే ఉపాధి విధానం ఇమిడి ఉంది. అదే జలాశయం కింద ఇక్ష్వాకుల విజయపురి మునిగింది. 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కట్టడాలను కొన్నిటిని కొండపైకి తరలించి, అక్కడ ప్రదర్శనశాల నెలకొల్పారు. చరిత్ర విద్యార్థిగా ఆ శ్రద్ధకు నేను కృతజ్ఞుడను. కాని మునిగిన పల్లెల ఇళ్లను ఎవరూ రాయి రాయిగా విప్పి మరల కట్టలేదు. నీరందిన ఆయకట్టు రైతు, కూలి దొరికిన రాతిపనివాడు, ఊరు పోయిన గ్రామస్థుడు, ముగ్గురూ ఒకే నిర్మాణపు లెక్కలోని వారు.

గంటలు చాలవని, సమాజశాస్త్రం తమకు రాదని ఇంజనీరింగ్ అధ్యాపకులు అనవచ్చు. రెండవది న్యాయమైన అభ్యంతరమే. అందుకే ఆనకట్టల రూపకల్పన పరీక్షలో ఒక ప్రశ్నయినా చరిత్ర అధ్యాపకునితో కలిసి తయారుచేయాలి, ఆ జవాబును ఇద్దరూ దిద్దాలి, దాని మార్కులు రూపకల్పన మార్కులలోనే కలవాలి.