మూడో గది ఎక్కడి నుంచి వచ్చింది?

అమ్మాయీ,

నరసరావుపేట ఫ్లాట్లవి నువ్వు పంపిన రెండు ప్లాన్లూ తీరిగ్గా కూర్చుని చూశాను. ప్రకాష్‌నగర్‌ది రెండు బెడ్‌రూములు, సత్తెనపల్లి రోడ్డుది మూడు. రెండూ 1,100 అడుగులే, ధర కూడా ఇంచుమించు ఒకటే. "అంతే డబ్బుకి ఇంకో గది వస్తుంటే వదులుకోవడం ఎందుకు మావయ్యా" అని అడిగావు. అల్లుడుగారి మనసు కూడా అటే ఉన్నట్టుంది. మొదటి ఇల్లు కదా, ఆశపడటంలో తప్పేం లేదు. కానీ ఆ మూడో గదిని బిల్డరు ఊరికే ఇవ్వడం లేదమ్మా. నీ హాల్లోంచి కొంత, వంటింట్లోంచి కొంత, మిగతా రెండు గదుల్లోంచి తలా కాస్త కోసి, దానికో తలుపు పెట్టి మళ్లీ నీకే అమ్ముతున్నాడు.

ముందు ఆ 1,100 సంగతి తేల్చుకో. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్లలో నీ వాటాకి 220 పోయిందనుకో, మిగిలింది 880. బయటి గోడల మందం, బాల్కనీ, అంట్లు తోముకునే యుటిలిటీ తీసేస్తే 750. లోపలి గోడలతో కలిపి నీ చేతికి మిగిలే నేల అదీ. అడుగు నాలుగు వేల లెక్కన 44 లక్షలు ఇస్తున్నావనుకుంటే, నీ కాలికింద నేల అడుగు 5,867 రూపాయలు పడుతోందన్నమాట. రెరా, అంటే బిల్డర్లని అదుపుచేసే చట్టం, 2016లో వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. కార్పెట్ ఏరియా అంటే ఏమిటో అందులో స్పష్టంగా రాశారు: బయటి గోడలు, పైపుల షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ కలపకూడదు, లోపలి అడ్డగోడల మందం మాత్రం కలుస్తుంది. అమ్మేవాడు ఆ లెక్క చెప్పి తీరాలి. అయితే స్థలం 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో దాదాపు 600 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రెరాలో రిజిస్టర్ చేయించనక్కర్లేదు. నువ్వు చూసిన రెండింట్లో ఒకటి అలాంటి చిన్న కట్టడమే అనిపిస్తోంది. అందుకని కాగితం మీద రాసి ఇమ్మని నువ్వే అడగాలి. నోటిమాటగా "ఎనభై శాతం వస్తుందండీ" అంటే తల ఊపి వచ్చేయకు.

ఇప్పుడు ఆ 750 అడుగుల్ని సత్తెనపల్లి రోడ్డు ప్లానులో ఎలా పంచారో చూడు. ఒక గది 11 బై 11, రెండు గదులు 10 బై 10, మొత్తం 321. మూడు బాత్‌రూములు నాలుగు బై ఏడు చొప్పున 84. వంటిల్లు ఏడు బై ఎనిమిది, 56. లోపలి గోడలు, నడవా కలిపి 75 దాకా. ఇక హాలూ, భోజనాల బల్లా, దేవుడి మందిరం, షూ స్టాండూ, అన్నిటికీ కలిపి మిగిలింది 214. ప్రకాష్‌నగర్ ప్లానులో గదులు 12 బై 13, 11 బై 12. బాత్‌రూములు రెండూ అయిదు బై ఏడు. వంటిల్లు ఎనిమిది బై పదకొండు. గోడలు, నడవా 60 తీసేసినా హాలుకి 244 మిగిలాయి, అంటే ఇంచుమించు 12 బై 20. గదుల సంఖ్య చూసి ఇంటిని కొలిస్తే రాష్ట్రంలో ప్రభుత్వం కట్టిన టిడ్కో ఫ్లాట్లలో 430 అడుగుల వాటికీ రెండు బెడ్‌రూములు ఉన్నాయి. మన చిలకలూరిపేటలోనూ కట్టారు, వెళ్లి చూడొచ్చు. పేదవాడికి సొంత గూడు ఇవ్వడానికి అలా సర్దారు, అది వేరే అవసరం. 44 లక్షలు పోసి మనం కూడా సర్దుకోవడం దేనికి?

పది బై పది అంటే చాలా మందికి పెద్ద గదిలాగే వినపడుతుంది. నిన్ను ఒకసారి ఆ గదిలోకి తీసుకెళ్తాను, నాతో పాటు కొలుచుకుంటూ రా. ప్లాను మీద రాసిన పది అడుగులు గోడ మధ్య నుంచి గోడ మధ్యకా, లోపలి అంచు నుంచి అంచుకా అని ముందు అడుగు. మధ్య నుంచి మధ్యకైతే, ఒకవైపు తొమ్మిది అంగుళాల గోడ, ఇంకోవైపు నాలుగున్నర అంగుళాల గోడ అనుకో, వాటి సగాలు పోయి, రెండువైపులా ప్లాస్టరింగు పోయి, నీకు దక్కేది తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు. అందులో ఆరు బై ఆరున్నర డబుల్ కాట్ వెయ్యి. తలవైపు చెక్క మందం మూడు అంగుళాలు. కాళ్ల దగ్గర రెండడుగుల ఏడు అంగుళాలు మిగిలాయి. అక్కడ బీరువా పెడితే, దాని లోతు రెండడుగులు, నడవడానికి ఏడంగుళాలు. కుదరదు కాబట్టి బీరువా పక్కకి జరుపుతావు. అటు మంచం వెడల్పు ఆరడుగులు పోగా మూడడుగుల నాలుగు అంగుళాలు ఉన్నాయి, బీరువా పోను ఒక అడుగు నాలుగు అంగుళాలు. బీరువా తలుపు తెరవాలంటేనే అడుగున్నర కావాలి. పైగా మంచం రెండోవైపు గోడకి అతుక్కుంది, అటు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే ఇవతలి వాళ్ల మీదుగా దాటి రావాలి. మూలన పిల్లరు లోపలికి పొడుచుకొచ్చిందా అన్నది ఇంకా చూడనే లేదు. గది తలుపు లోపలికి తెరుచుకుంటే అది తిరగడానికి ఇంకో మూడడుగులు వదలాలి.

ఇంత చిన్న గది రూలు ప్రకారం తప్పు కాదు, అది గుర్తుపెట్టుకో. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఇంట్లో ఒక గది కనీసం తొమ్మిదిన్నర చదరపు మీటర్లు, అంటే 102 అడుగులు ఉండాలని, రెండోది ఏడున్నర మీటర్లు, అంటే 81 అడుగులున్నా చాలని ఉంది. వంటింటికి అయిదు మీటర్లు, 54 అడుగులు. ఆ బిల్డరు 56 ఇచ్చాడు, గీత దాటకుండా నిలబడ్డాడు. కానీ అది అంతకన్నా తగ్గితే గది అనిపించుకోదని చెప్పే కొలత. అందులో ముప్పై ఏళ్లు కాపురం చెయ్యమని చెప్పే కొలత కాదు.

గురజాలలో మీ అమ్మమ్మ ఇల్లు నీకు గుర్తుండే ఉంటుంది. నాపరాళ్లు కప్పిన మిద్దె. దూలం ఎంత పొడుగు దొరికితే గది అంత వెడల్పు, అంతకుమించి మనిషి చేతిలో లేదు. అందుకే నట్టిల్లు పొడుగ్గా, ఇరుకుగా ఉండేది. అయినా ఇరుకనిపించేది కాదు, ఎందుకంటే మన బతుకు సగం వసారాలోనూ వాకిట్లోనూ నడిచేది. మిరపకాయలు దొడ్లో, రాత్రి నులకమంచాలు ఆరుబయట. ఫ్లాటులో ఆ వసారా, ఆ దొడ్డి రెండూ హాల్లోకే రావాలి. అందుకే హాలు తగ్గించే ఏ ప్లాను చూసినా నాకు చిరాకు.

హాలుకి అడుగులొక్కటే చూడకు, గోడలు చూడు. సత్తెనపల్లి రోడ్డు ప్లానులో హాల్లోకి ఎన్ని తలుపులు తెరుచుకుంటున్నాయో లెక్కపెట్టావా? ముఖద్వారం, మూడు బెడ్‌రూములు, వంటిల్లు, బాల్కనీ, బయటి బాత్‌రూము. ఏడు! సోఫా ఆనించడానికి ఒక్క నిండు గోడ లేదు. టీవీ ఎదురుగా కూర్చుంటే ప్రతివాళ్లూ నీ మోకాళ్లు తగుల్తూ పోతారు. నేనైతే ఏ ఇంట్లోనైనా ముందు తలుపు పడని గోడ ఒకటి తొమ్మిదడుగులైనా ఉందా అని చూస్తాను.

కోటప్పకొండ తిరునాళ్లకి మనవాళ్లు ఎంతమంది దిగుతారో నీకు చెప్పక్కర్లేదు. నరసరావుపేటలో ఇల్లు కొన్నాక ఇక నీ ఇల్లే సత్రం. ప్రభలు చూసి అర్ధరాత్రి దాటాక వచ్చి పడుకుంటారు. మనిషికి రెండున్నర అడుగుల చొప్పున, 20 అడుగుల పొడుగు హాల్లో ఎనిమిది మంది వరసగా పడుకోవచ్చు, కాళ్లకడ నడవడానికి దారి కూడా ఉంటుంది. పది బై పది గదిలో మంచం, బీరువా పెట్టాక కింద ఎవరూ పడుకోలేరు, పసిపిల్లకి చాప పరచడానికైనా చోటుండదు. చుట్టాల కోసమే కదా మూడో గది అని నువ్వంటావు. ఏడాదికి నాలుగు రోజులు వచ్చే చుట్టాల కోసం మిగతా రోజులన్నీ నువ్వు ఇరుక్కోవడమా? ఆ గది ఏమవుతుందో నేను చెప్తాను: ఇస్త్రీకి పోవాల్సిన బట్టలు, పాత పుస్తకాలు, ఎవరూ తొక్కని సైకిలు మిషను.

వంటింటి విషయంలో అల్లుడుగారి మాట వినకు, ఆయనకి కాఫీ పెట్టడం తప్ప రాదు. ఏడడుగుల వెడల్పులో రెండువైపులా రెండేసి అడుగుల గట్లు కడితే మధ్యలో మూడడుగులు. ఫ్రిజ్జు గట్టుకన్నా ముందుకొస్తుంది, దాని తలుపు తీస్తే ఇంకొకరు నిలబడే వీల్లేదు. గ్రైండరు, సిలిండరు, నీళ్ల క్యాను, బియ్యం బస్తా, ఏడాదికి సరిపడా కందిపప్పు, చింతపండు, మిరపకాయలు ఎక్కడ పెడతావు? మన పల్నాడు ఇళ్లలో కారం డబ్బా చిన్నదెప్పుడూ ఉండదు. సజ్జ ఉంది కదా అంటారు. ఏడడుగుల ఎత్తులో ఉన్న సజ్జ మీంచి పాతిక కేజీల బస్తా దించేది ఎవరు? మీ అత్తగారు కూరగాయలు కింద కూర్చునే తరుగుతారు, ఆవిడకి పీట వేసుకునే జాగా ఉండాలి. ఆవిడ మోకాళ్లు కూడా తలుచుకుని బాత్‌రూము తలుపు రెండడుగుల ఆరంగుళాలకి తగ్గకుండా చూడు, రేపు వాకరు పట్టుకుంటే తిరగాలి. నాలుగు బై ఏడు బాత్‌రూములో కమోడు, గీజరు పోను స్టూలు వేసి స్నానం చేయించడానికి ఇంకొకరికి చోటుండదు.

వాస్తు గురించి నేను వాదించను. ఆగ్నేయంలో వంటిల్లు అంటే సరే, పెట్టుకో. కానీ దిక్కు కుదిరింది కదా అని కొలత వదిలేయకు. రెండూ అడుగు.

ఇక ఎండ. రెంటచింతల పేరు ప్రతి వేసవిలో పేపర్లో చూస్తూనే ఉంటాం, నరసరావుపేటలో ఉన్నంత మాత్రాన మనకేం తక్కువ కాదు. పడమటి గోడ, పైఅంతస్తు రెండూ కలిసిన గది మే నెలలో రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంది. చిన్న గదికి టన్ను ఏసీ చాలంటారు గానీ పైఅంతస్తులో చాలదు. ఏసీ లేనప్పుడు కూలరు కావాలి, దానికి బయటి గాలి కావాలి. కూలరు నిలబెట్టడానికి కిటికీ బయట బాల్కనీయో, స్టాండు బిగించే గోడో ఉందా చూడు. సత్తెనపల్లి రోడ్డు ప్లానులో మూడో గది కిటికీ గాలి రాని షాఫ్టులోకి ఉంది. అక్కడ కూలరు పెడితే తడి, ఉక్క తప్ప చల్లదనం ఉండదు. ఎత్తు కూడా కొలువు. లోపల నేల నుంచి శ్లాబు దాకా రెండు ముప్పావు మీటర్లు, తొమ్మిదడుగులు కనీసం ఉండాలి. పైన ఫాల్స్ సీలింగ్ వేసి అందంగా చూపిస్తే దాని కిందినుంచి కొలువు.

మూడో గది అసలు వద్దే వద్దని నేననడం లేదు. మీ అత్తగారు ఎప్పటికీ మీతోనే ఉండేట్టయితే, లేదా అల్లుడుగారు ఇంట్లోంచే పనిచేసేట్టయితే మూడు గదులు కావాలి. అప్పుడు 1,500 అడుగుల వైపు వెళ్లండి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట జిల్లా కేంద్రం అయిన దగ్గర్నుంచి ఎటు చూసినా అపార్ట్‌మెంట్ల బోర్డులే, ఊరికి కాస్త దూరంగా వెతికితే మీకు సరిపడేది దొరక్కపోదు. ఏడాది ఆగినా మునిగిపోయేదేం లేదు. ఇప్పుడే కొనాలంటే మాత్రం ప్రకాష్‌నగర్‌దే తీసుకోండి. 20 అడుగుల హాల్లో ఒక కొసన రేపు పిల్లాడి చదువుకి చెక్క పార్టిషన్ పెట్టుకోవచ్చు. రెండు ఇరుకు గదుల మధ్య గోడ తీసేయడం మాత్రం అంత తేలిక కాదు. దాంట్లో కరెంటు పైపులుంటాయి, పైన దూలం ఎక్కడుందో చూడాలి, ఇంజనీరుని అడక్కుండా ముట్టకూడదు.

డబ్బు విషయంలో ఒక్కటే మాట. రెరా కిందికి వచ్చే కట్టడమైతే, అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా మొత్తం ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. రాకపోయినా నువ్వు అంతకు మించి ఇవ్వకు. అగ్రిమెంటులో కార్పెట్ ఏరియా అంకె ఉండాలి. ప్రతి గదికీ లోపలి అంచు నుంచి అంచుకి కొలతలు రాసిన ప్లాను దానికి జతచేయించి సంతకం పెట్టించు. బిల్డరు ముఖం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

ఆదివారం ఇద్దరూ రండి. బిల్డరు పొద్దున పూట చూపిస్తానంటే ఒప్పుకోకు, మధ్యాహ్నం మూడింటికి అను. పడమటి గదిలో పావుగంట నిలబడి చూద్దాం. టేపు నేను తెస్తాను. నువ్వు మీ బడి నుంచి నాలుగు సుద్దముక్కలు పట్టుకురా, మంచం, బీరువా, ఫ్రిజ్జు నేలమీద గీసి వాటి మధ్య మీ ఇద్దర్నీ నడిపించి చూస్తాను.

మీ మావయ్య