మెఫీబోషెతును అడిగినదెవరు?



రెండవ సమూయేలు 9వ అధ్యాయమును మనలో అనేకులు ఎరుగుదురు. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు కాళ్లు చచ్చుబడి లోదెబారులో పరుల యింట నుండగా, దావీదు తానే వెదకి పిలిపించి, సౌలు భూమినంతయు అతనికిప్పించి, తన బల్లయొద్ద చోటిచ్చెను. ఆ భూమిని సేద్యము చేసి పంట తెచ్చు పని సీబాకు అప్పగించెను.

మన ప్రసంగములు సాధారణముగా ఇక్కడనే ముగియును. కథ ముగియలేదు. 16వ అధ్యాయములో సీబా వచ్చి యజమానునిమీద నేరము చెప్పగా, రాజు అతనిని ఒక్క మాటయైన అడుగక ఆస్తినంతయు సీబాకే యిచ్చివేసెను. ఉత్తర్వు మంచిదే. అడుగవలసినవానిని అడుగుటయే మరచెను.

మా వరంగల్ ప్రాంతపు ఒక పల్లెలో మమ్ములను పాఠశాల యాజమాన్య కమిటీలోనికి తీసికొనిరి. ప్రత్యేక అవసరములుగల పిల్లలకు సేవలు అందుచున్నవని ఒకనాడు తీర్మానముల పుస్తకములో చదివిరి. మేము సంతకము చేసితిమి. ఆ ఆదివారమే ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి, నడువలేని బిడ్డను చంకనెత్తుకొని వచ్చి, “అయ్యగారూ, మా పిలగాని పేరు పుస్తకంల ఉన్నదట. ఇంటికైతే ఎన్నడూ ఎవ్వరు రాలే” అనెను.

మేము అబద్ధమాడితిమా? లేదు, చూడలేదు, అంతే. అయితే చూచుటకే నియమింపబడినవాడు చూడక సంతకము చేసినయెడల, అబద్ధమునకును దానికిని భేదమెంత? ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

చట్టములు మనకు కొదువలేదు. 2009 విద్యాహక్కు చట్టము స్థానిక సంస్థలు తమ పరిధిలోని 14 ఏండ్లలోపు పిల్లల వివరములు వ్రాసియుంచి, వారు బడిలో చేరుటను, హాజరును, చదువు పూర్తిచేయుటను కనిపెట్టి చూడవలెనని చెప్పుచున్నది. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే యుండవలెను. తీవ్ర వైకల్యముగల బిడ్డ యింటనే చదువుకొనవచ్చునని 2012లో సవరణ వచ్చినది. 2016 వికలాంగుల హక్కుల చట్టము 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచిత విద్యను ఇచ్చినది. మన మండలములలో భవిత కేంద్రములును వెలసినవి. దావీదు ఉత్తర్వు వెలువడినది. పంట బల్లయొద్దకు చేరినదా అనునదే ప్రశ్న.

“పంతుళ్లను అనుమానించుట తగునా?” అని కొందరందురు. అడుగుట అనుమానము కాదు. మేము విచారించినప్పుడు, ఒక్క ఉపాధ్యాయురాలే అనేక గ్రామములు తిరుగవలసియున్నదని తెలిసినది. ఎవరును అడుగనందున ఆమె భారము సహా ఎవరికిని తెలియలేదు. అడుగుట ఆ బిడ్డకును ఆమెకును మేలే.

కావున సహోదరులారా, గ్రామసభలోగాని కమిటీలోగాని కూర్చుండువారు, సంతకమునకు ముందు ఆ యింటికి వెళ్లుడి. ఎవరు వచ్చిరి, ఎన్నిసార్లు వచ్చిరి, బిడ్డ ఏమి నేర్చుకొనెను అని తల్లిని అడుగుడి. లోపమున్నయెడల స్థానిక సంస్థకు వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవచ్చును. ఇరుపక్షములను విని మూడు నెలలలో తేల్చవలెనని చట్టమే చెప్పుచున్నది.

దావీదు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు మాసిన బట్టలతో ఎదురువచ్చి తన మాట చెప్పుకొనెను. అప్పటికి ఆలస్యమైనది, సగము భూమియే అతనికి మిగిలినది. బాల్యమును అట్లు సగము చేసి తిరిగి యియ్యగలవారెవరు?