అరచేయి అడ్డు పెడితే

దారాసురం ఐరావతేశ్వరాలయంలో రాతి మీద ఓ ఏనుగూ ఓ ఎద్దూ ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఒళ్లు రెండు, తల ఒక్కటే. ఎద్దు ఒంటికి అరచేయి అడ్డు పెట్టండి, ఏనుగు మిగులుతుంది. చేయి జరిపి ఏనుగు ఒంటిని మూయండి. అదే తల, అదే కన్ను, ఇట్టే ఎద్దుదైపోతుంది!

నేను వెళ్లిన రోజు ఓ చిన్నపిల్ల ఇలాగే చేసి చూసింది. తన చిట్టి చెయ్యి చాల్లేదు. "నాన్నా, నీ చెయ్యి ఇటివ్వు" అని లాగి రాతికి ఆనించింది. ఎద్దు మాయమయ్యేసరికి ఆ పిల్ల నవ్విన నవ్వు మండపమంతా మోగింది.

వృషభకుంజరమంటారు ఈ శిల్పాన్ని. 12వ శతాబ్దంలో, రెండో రాజరాజ చోళుడు కట్టించిన గుడి. ఆ శిల్పి ఎవరో గాని, అతని గుండెధైర్యానికి దణ్ణం పెట్టాలి. ఏనుగుకి ఒదిగిన వంపే ఎద్దుకీ ఒదగాలి. ఆ తల దగ్గర ఒక్క దెబ్బ తప్పితే రెండు జంతువులూ పోయినట్టే.

కంటితో ఆడుకోవడం అన్ని దేశాలకూ తెలుసు. ఏథెన్స్‌లో పార్థినాన్ కట్టినవాళ్లు దాదాపు 70 మీటర్ల పొడవున్న పీఠాన్ని నడిమికి 11 సెంటీమీటర్లు ఉబ్బించారు. చూసేవాడికి ఆ సంగతి తెలియనే తెలియదు. రోమ్‌లో సంత్ ఇగ్నాసియో చర్చికి గుమ్మటం కట్టలేకపోతే, 1685లో ఆంద్రేయా పోజో బల్లపరుపు గుడ్డ మీద గుమ్మటాన్ని చిత్రించాడు. నేల మీద గుర్తు పెట్టిన చోట నిలబడి తలెత్తితే లోతు, వెలుగు, నీడ, పైపైకి పోతున్న గోడలు! నాలుగడుగులు పక్కకు వేస్తే మాత్రం అదంతా ఒరిగిపోతుంది. అదీ గొప్ప విద్యే, ఎవరు కాదంటారు? అయినా నా మనసు దారాసురానికే పోతుంది. కన్ను కట్టేస్తుంది కనుక కనికట్టు అన్నాం మనం. ఈ శిల్పి ఆ కట్టు వేయడం, విప్పడం రెండూ మన చేతికే వదిలేశాడు.

మన లేపాక్షిలోనూ ఓ ఆవుంది. ఒకే ఒళ్లు, మూడు తలలు. ఏ రెండు తలలు మూసినా మూడోది ఆ ఒంటికి అచ్చంగా అతుకుతుంది. వెళ్లినప్పుడు ఫోన్ జేబులో పెట్టుకోండి. రెండు తలలు మూయాలంటే రెండు చేతులూ కావాలి.